విదేశీ న్యూస్ సైట్ జపనీస్ ఎడిషన్ పెట్టాలంటే: అనువాదకులు ఎంతమంది, డెస్క్ ఎక్కడ?

కాపీడెస్క్:
ఇంగ్లీషులో నడిచే న్యూస్ సైట్ ఒకటి జపనీస్ ఎడిషన్ తెరవాలంటే మొదటి ఆరు నెలలకు ఏమేం సిద్ధం చేసుకోవాలి? రోజుకు 15 కథనాలు, ఒక్కోటి సగటున 600 ఇంగ్లీషు పదాలు అనుకుందాం. మూడు సంగతులు తేల్చుకోవాలి. అనువాదకులు ఎంతమంది కావాలి? మిషన్ ట్రాన్స్‌లేషన్‌ను ఎంతవరకు నమ్మొచ్చు? కామెంట్లు తెరవాలా, వద్దా?

దక్షిణ కొరియా ఓమైన్యూస్ 2006లో జపాన్ వెళ్లింది, 2009కల్లా మూతపడింది. అమెరికా హఫింగ్టన్ పోస్ట్ 2013లో వెళ్లింది, నిలిచింది. తేడా ఎక్కడుందో వివరంగా చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

షింబున్ శాస్త్రి:
ముందు లెక్క చూద్దాం. వెయ్యి ఇంగ్లీషు పదాలు జపనీస్‌లోకి వస్తే 2,000 నుంచి 2,500 అక్షరాలవుతాయి. అక్కడ పదాల లెక్క ఉండదు, అక్షరాల లెక్కే. మంచి అనువాదకుడు రోజుకు 2,000 ఇంగ్లీషు పదాలు చేస్తాడనుకోండి. మీ 15 కథనాలు 9,000 పదాలు. అంటే రోజుకు ఐదుగురు. వారానికి ఏడు రోజులు నడిపి, ఒక్కొక్కరికి రెండు రోజులు సెలవిస్తే ఏడుగురు. వాళ్లమీద మూలంతో పోల్చి చూసేవాళ్లు షిఫ్టుకు ఇద్దరు, శీర్షికలు పెట్టే మనిషి ఒకరు.

కానీ ఈ లెక్కతో మొదలుపెడితే తప్పుదారి పడతారు. ముందు తేలాల్సింది అనువాదకుల సంఖ్య కాదు. టోక్యోలో కూర్చునే ఎడిటర్‌కు మూడు అధికారాలు ఉన్నాయా లేదా అన్నది తేల్చుకోండి: హెడ్ ఆఫీసు పంపిన కథనాన్ని వేయకుండా పక్కన పెట్టే అధికారం, శీర్షికను సొంతంగా పెట్టే అధికారం, తప్పు దొరికితే ఎవర్నీ అడక్కుండా సవరణ వేసే అధికారం. ఈ మూడూ హెడ్ ఆఫీసు దగ్గరే ఉంటే ప్రతి నిర్ణయానికీ టైమ్ జోన్ దాటి జవాబు కోసం చూడాలి. టోక్యోలో ఉదయం 9 అయితే న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి 7, ఎండాకాలంలో 8. సవరణ అడిగిన మెయిల్ తెల్లారేదాకా అలాగే పడి ఉంటుంది.

హన్ నది ఒడ్డు:
ఓమైన్యూస్ సంగతి నేను రాస్తాను. దీన్ని 'కొరియా వాళ్లు జపాన్‌లో ఓడిపోయారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు, అది సరికాదు.

సియోల్‌లో ఆ సైట్ 2000 ఫిబ్రవరి 22న మొదలైంది. 'ప్రతి పౌరుడూ విలేకరే' అన్నది దాని సూత్రం. తొలిరోజు నమోదైన పౌర విలేకరులు 727 మంది. అప్పుడు కొరియాలో చోసున్, జూంగాంగ్, డోంగా అనే మూడు సంప్రదాయవాద దినపత్రికలదే రాజ్యం. వాటికి బయట మాట్లాడే చోటు కోసం జనం కాచుక్కూర్చున్నారు. 2002 ఎన్నికల్లో గెలిచిన రో మూ హ్యున్ అధ్యక్షుడిగా తొలి ఇంటర్వ్యూ ఈ సైట్‌కే ఇచ్చారు.

2006లో జపాన్ పెట్టుబడి సంస్థ సాఫ్ట్‌బ్యాంక్ కోటీ 10 లక్షల డాలర్ల పెట్టుబడి ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది ఆగస్టు 28న జపాన్ ఎడిషన్ తెరుచుకుంది. మాజీ పత్రికా విలేకరి, టీవీలో అందరికీ తెలిసిన తొరిగోయె షుంతారో ఎడిటర్. డబ్బుంది, పేరున్న మనిషున్నాడు. లేనిది ఆ ఖాళీ. జపాన్‌లో పేరు చెప్పకుండా రాసుకునే చర్చావేదిక 2చానెల్ 1999 నుంచే నడుస్తోంది, 2006 నాటికి బ్లాగులు ఊరూరా ఉన్నాయి. మాట చెప్పుకోవడానికి చోటు లేనివాళ్లు అక్కడ పెద్దగా లేరు.

రెండో దెబ్బ కామెంట్ల దగ్గర తగిలింది. కథనం రాసే పౌర విలేకరి అసలు పేరుతో నమోదు కావాలి. కామెంట్ రాసేవాడికి ఆ అవసరం లేదు. పేరు బయటపెట్టినవాడి మీద పేరు లేనివాళ్లు విరుచుకుపడే ఏర్పాటు ఇది. నవంబర్‌లో దాన్ని ఆపి, నమోదైన విలేకరులే కామెంట్ చేయాలన్నారు. అప్పటికే రాసేవాళ్లు బెదిరిపోయారు. 2008లో 'ఓమైలైఫ్' అని పేరు మార్చి జీవనశైలి వైపు తిప్పారు. 2009లో మూసేశారు.

మండల విలేకరి:
హన్ నది గారూ, ఒకటి కలపాలి. మన జిల్లా పేజీల్లో మండలం నుంచి వచ్చిన కాపీని జిల్లా డెస్క్ చూసి, స్టేషన్‌కు ఫోన్ చేసి, పేరూ ఊరూ సరిచూసి వేస్తుంది. పౌర విలేకరి పద్ధతికి ఆ డెస్కే వెన్నెముక. ఎంతమంది రాస్తున్నారన్నది కాదు, రాసిన ఒక్కో కాపీ మీద డెస్క్ ఎంతసేపు కూర్చుంటుందన్నది చూడాలి. అభిప్రాయ వ్యాసం, సంఘటన వార్త రెండూ ఒకే వరుసలో పక్కపక్కన కనిపిస్తే చదివేవాడు రెండింటినీ నమ్మడం మానేస్తాడు. పౌర విలేకరుల సైట్లన్నిటికీ ఉన్న జబ్బు ఇది.

షింబున్ శాస్త్రి:
నిజం. హఫింగ్టన్ పోస్ట్ దారి వేరు. 2013 మే 7న మొదలైనప్పుడు జపాన్ దినపత్రిక అసాహి షింబున్‌తో ఉమ్మడి కంపెనీ పెట్టి వచ్చింది. అసాహి కథనాలు వాడుకునే వీలు, జపాన్ చట్టం తెలిసిన పెద్ద సంస్థ అండ మొదటిరోజు నుంచే దొరికాయి. బజ్‌ఫీడ్ 2016 జనవరి 19న మొదలైంది. అప్పుడు దాని భాగస్వామి యాహూ జపాన్, ఎడిటర్ అసాహి నుంచి వచ్చినవారు. వాల్ స్ట్రీట్ జర్నల్ 2009 డిసెంబర్‌లో ఎస్‌బీఐ గ్రూపుతో వచ్చింది. మన స్టేట్ బ్యాంక్ అనుకునేరు, అది జపాన్ ఆర్థిక సంస్థ.

భాగస్వామి ఒక్కటే చాలదు. అక్కడి పాఠకుడు 'ఇది మన ఊళ్లో పనిచేస్తున్న పత్రిక' అనుకునేది సొంత రిపోర్టింగ్‌తోనే. 2016 నవంబర్‌లో డీఎన్‌ఏ అనే కంపెనీ వాళ్ల ఆరోగ్య సైట్ వెల్క్ తప్పుల తడకలను ఎలా కుప్పలుగా తయారుచేయించిందో బజ్‌ఫీడ్ జపాన్ బయటపెట్టింది. బయటి రచయితలకు ఇచ్చిన సూచనలతో సహా రాసింది. నవంబర్ 29న వెల్క్ మూతపడింది. అమెరికా కథనాలు వంద అనువదించినా ఆ పేరు రాదు.

లెక్కలమ్మ:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. జపాన్‌లో వార్త చదివేవాళ్లలో చాలామంది సైట్‌కు నేరుగా రారు. యాహూ జపాన్ న్యూస్, లైన్ న్యూస్, స్మార్ట్‌న్యూస్ లాంటి, అందరి వార్తలూ ఒకచోట చేర్చే పోర్టళ్లలో చదివేస్తారు. యాహూకు కథనం ఇస్తే పేజీ వ్యూలను బట్టి డబ్బిస్తుంది. ఎంత? జపాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2023 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదికలో, పోర్టళ్లు వార్తా సంస్థలకు వెయ్యి వ్యూలకు సగటున 124 యెన్‌లు ఇస్తున్నట్టు తేలింది. కనిష్ఠం 49, గరిష్ఠం 251.

మీరే వేసి చూడండి. నెలకు 10 లక్షల వ్యూలు వస్తే లక్షా 24 వేల యెన్‌లు. కోటి వ్యూలు వస్తే 12 లక్షల 40 వేలు. శాస్త్రి గారు చెప్పిన పదిమంది జీతాలు కోటి వ్యూలతో కూడా రావు. అందుకని పోర్టల్ డబ్బును ఆదాయం కింద రాసుకోవద్దు, పాఠకుడికి మీ పేరు తెలిసే దారి అనుకోండి. ప్రతి కథనం కింద సొంత సైట్‌లోని మూడు సంబంధిత కథనాలకు లింకులు పెట్టండి. వచ్చినవాళ్లను మెయిల్ న్యూస్‌లెటర్‌కు తిప్పుకోండి.

ప్రాయోజిత కథనాలతో పూడ్చుకుందామంటే 2023 అక్టోబర్ 1 నుంచి కొత్త నియమం ఉంది. ప్రకటన అని తెలియకుండా ప్రకటన వేయడం తప్పుదోవ పట్టించే ప్రదర్శన కిందికి వస్తుంది. చర్య ప్రకటనదారు మీదే, నిజమే. కానీ పాఠకుడు మీ సైట్‌నే తిడతాడు. 'ప్రకటన' అన్న మాట కథనం అడుగున కాకుండా శీర్షిక పక్కనే, పెద్దగా ఉండాలి.

కాపీడెస్క్:
యాహూకు ఇచ్చే కథనాలకు శీర్షికలు వేరుగా రాయాలని విన్నాను. అది ఎలా?

నాలుగు నిలువు గీతలు:
యాహూ జపాన్ ముఖ్య వార్తలు చూపే టాపిక్స్ పెట్టెలో శీర్షిక 13 అక్షరాలకు లోబడాలన్న నియమం చాలా ఏళ్లు నడిచింది. తర్వాత కాస్త సడలించారు. సగం వెడల్పు అంకె అర అక్షరం కింద లెక్క. ఆ పెట్టెలో శీర్షిక పెట్టేది యాహూ సంపాదకులే. అయినా మీ శీర్షికలోని మొదటి 13 అక్షరాల్లో అసలు విషయం లేకపోతే వాళ్ల కంటికి ఆనదు. 13 అక్షరాలంటే తెలుగులో రెండు మాటలు. కంజీలో (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని చెప్పే అక్షరాలు) అయితే ఒక వాక్యమే పడుతుంది. జపనీస్ శీర్షిక చాలాసార్లు నామవాచకంతోనో విభక్తితోనో ఆగిపోతుంది, క్రియ ఉండదు. ఇంగ్లీషు శీర్షికను అనువదిస్తే ఇది రాదు. కథనం చదివి కొత్తగా రాయాల్సిందే.

ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. 2019లో జపాన్, కొరియా వాణిజ్య గొడవ ముదిరినప్పుడు, చోసున్, జూంగాంగ్ పత్రికల జపనీస్ సైట్లలో కొన్ని శీర్షికలు కొరియన్ మూలానికి భిన్నంగా ఉన్నాయని జులై 17న కొరియా అధ్యక్ష భవనం ప్రతినిధి పేర్లు పెట్టి విమర్శించారు. అవి యాహూ జపాన్‌లో విపరీతంగా చదివినవి. 'పరాయి భాష ఎడిషన్‌ను మన దేశంలో ఎవరు చూస్తారు' అన్న ధీమా పనికిరాదు. ప్రతి శీర్షికకూ ఎదురుగా మూల శీర్షిక, మార్చినవారి పొట్టి సంతకం, మార్చిన కారణం ఒక వరుసలో ఉంచండి. పదేళ్ల తర్వాత అడిగినా చూపించగలగాలి.

హన్ నది ఒడ్డు:
అవును. కొరియన్‌కూ జపనీస్‌కూ వాక్య నిర్మాణం దగ్గర, మిషన్ ట్రాన్స్‌లేషన్ చక్కగా కుదురుతుంది. ఆ సౌలభ్యమే అక్కడ జాగ్రత్తను తగ్గిస్తుంది.

నిహోంగో నోట్స్:
మిషన్ ట్రాన్స్‌లేషన్ గురించి అడిగారు కదా, ఇంగ్లీషు నుంచి వచ్చేటప్పుడు ఎక్కడ తప్పుతుందో రాస్తాను. తెలుగువాళ్లకు ఇవి సులువుగా తడతాయి.

మొదటిది చుట్టరికం. ఇంగ్లీషు వార్తలో 'బ్రదర్' అని ఉంటుంది. జపనీస్‌లో 'అని' అంటే అన్న, 'ఒతోతో' అంటే తమ్ముడు. మనలాగే అక్కడా ముందు తేల్చుకోవాలి. యంత్రం ఏదో ఒకటి వేసేస్తుంది. తప్పుబడితే బాధిత కుటుంబం నుంచే ఫోన్ వస్తుంది. వయసులు కథనంలో లేకపోతే విలేకరిని అడగాలి, అదీ దొరక్కపోతే 'తోబుట్టువు' అని సరిపెట్టే 'క్యోదాయి' వాడాలి.

రెండోది అంకెలు. వాళ్ల లెక్క నాలుగు సున్నాలకు ఒక మెట్టు. మాన్ అంటే 10 వేలు, ఓకు అంటే 10 కోట్లు, చో అంటే లక్ష కోట్లు. ఇంగ్లీషు మిలియన్ 100 మాన్, బిలియన్ 10 ఓకు, ట్రిలియన్ ఒక చో. మన లక్ష కోట్లు, వాళ్ల ఒక చో, ఇంగ్లీషు ట్రిలియన్ మూడూ ఒకటే కాబట్టి అక్కడ తప్పు రాదు. బిలియన్ దగ్గరే పది రెట్లు తేడా పడుతుంది: 3.5 బిలియన్ డాలర్లు 35 ఓకు కావాలి, తొందర్లో 3.5 ఓకు అని వెళ్లిపోతుంది. అంకె ఉన్న ప్రతి వాక్యాన్నీ రెండో మనిషి సున్నాలు రాసి లెక్కపెట్టాలి.

మూడోది ఆర్థిక సంవత్సరం. ఇండియా కంపెనీల వార్తలు వేసేవాళ్లకు ఇది ముఖ్యం. రెండు దేశాల్లోనూ ఏప్రిల్ నుంచి మార్చి వరకే. కానీ పేరు పెట్టే పద్ధతి తిరగబడి ఉంటుంది. మన దగ్గర ఎఫ్‌వై25 అంటే 2025 మార్చితో ముగిసేది. జపాన్‌లో '2024 నెందో' అంటే 2024 ఏప్రిల్‌లో మొదలయ్యేది. రెండూ ఒకే సంవత్సరం. ఎఫ్‌వై25ను '2025 నెందో' అని అనువదిస్తే వార్త మొత్తం ఏడాది పక్కకు జరిగిపోతుంది.

నాలుగోది చక్రవర్తుల పాలనను బట్టి లెక్కించే శకాలు. ప్రభుత్వ పత్రాలు రేవా, హేసే, షోవా లెక్కలో ఉంటాయి. రేవా సంవత్సరానికి 2018, హేసేకు 1988, షోవాకు 1925 కలిపితే మన లెక్క. 1989లో జనవరి 7 దాకా షోవా 64, 8వ తేదీ నుంచి హేసే 1. 2019లో ఏప్రిల్ 30 దాకా హేసే 31, మే 1 నుంచి రేవా 1. ఈ రెండేళ్ల పుట్టినతేదీలు వస్తే ఆగి చూసుకోవాలి.

కాపీడెస్క్:
ఇవన్నీ ఒకచోట రాసుకునే శైలి పుస్తకం కావాలన్నమాట. అక్కడివాళ్లు ఏది చూస్తారు?

షింబున్ శాస్త్రి:
క్యోదో వార్తా సంస్థ 'కిషా హ్యాండ్‌బుక్కు' ఉంటుంది. ఏ మాటకు కంజీ, ఏ మాటకు హిరగానా (ఉచ్చారణను రాసే అక్షరాలు) అన్నది అందులో ఉంటుంది. పత్రికల కంజీ వాడకానికి ఆధారం ప్రభుత్వం రోజువారీ వాడకానికి ఇచ్చిన జోయో కంజీ పట్టిక, 2010 సవరణ తర్వాత 2,136 అక్షరాలు. దాని మీద మీ సొంత అనుబంధం ఇరవై పేజీలు రాసుకుంటే చాలు: విదేశీ పేర్లను కటకానాలో (పరభాషా మాటలకు వాడే అక్షరాలు) రాసే తీరు, వాక్యాల ముగింపు, పేర్ల తర్వాత గౌరవ పదం.

వాక్య ముగింపు చిన్న సంగతి కాదు. దినపత్రికలు 'దా, దే అరు' అని ముగిస్తాయి. వెబ్‌లో పుట్టిన సైట్లలో చాలావరకు 'దెసు, మసు' అని మర్యాదగా ముగిస్తాయి. ఏదైనా సరే, ఒకే కథనంలో రెండూ కలిస్తే అనువాదమని ఇట్టే తెలిసిపోతుంది.

గౌరవ పదంలో పొరపాటు ఇంకా ఖరీదైనది. అరెస్టయిన మనిషి పేరు తర్వాత 'యోగిషా', అభియోగం నమోదయ్యాక 'హికోకు', సాక్షికో బాధితుడికో 'సాన్', రాజకీయ నాయకుడికి 'షి'. 1980ల దాకా నిందితుల పేర్లు ఉత్తినే వేసేవారు. ఇప్పుడు పేరు ఒక్కటే వేస్తే తీర్పు ఇచ్చేసినట్టు చదువుతారు. ఇంగ్లీషు కాపీలో ఇంటిపేరు ఒక్కటే ఉంటుంది కాబట్టి, కేసు ఆరోజు ఏ దశలో ఉందో తెలుసుకోకుండా ఒక్క పేరూ రాయలేరు.

వకీలు వీధి:
చట్టం సంగతి. విదేశీ సైట్లు 'నిజమే రాశాం, భయమెందుకు' అనుకుంటాయి. జపాన్ శిక్షాస్మృతి 230వ సెక్షన్‌లో పరువునష్టానికి రాసింది నిజమా కాదా అన్నదాంతో సంబంధం లేదు. బయటపడేది 230కి అనుబంధంగా ఉన్న రెండో సెక్షన్‌తో: విషయం ప్రజాప్రయోజనానిది కావాలి, రాసిన ఉద్దేశం ప్రధానంగా ప్రజాహితం కావాలి, నిజమని నిరూపించాలి. మూడూ కావాలి. సివిల్ దావాల్లోనూ ఇదే కొలత. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉందని చూపగలిగితే కోర్టులు ఊరట ఇస్తాయి, దానికి విలేకరి నోట్సు, రికార్డింగు చేతిలో ఉండాలి. హెడ్ ఆఫీసు విలేకరి రాసిన కథనాన్ని మీరు జపనీస్‌లో వేస్తే, ఆ నోట్సు మీకూ అందాలి. ఈ షరతు ఎడిషన్ల మధ్య ఒప్పందంలో ముందే రాసుకోండి.

కామెంట్లకు కూడా ఇది తగులుతుంది. అవమానపరిచే నేరానికి శిక్షను 2022 జులైలో ఏడాది జైలు లేదా 3 లక్షల యెన్‌ల జరిమానా దాకా పెంచారు. అంతకుముందు 30 రోజుల లోపు నిర్బంధం, 10 వేల యెన్‌ల లోపు జరిమానాయే.

మైనర్ల కేసుల్లో, బాలల చట్టం 61వ సెక్షన్ ప్రకారం బాల నేరస్థుడిని గుర్తుపట్టే వివరాలు వేయకూడదు. 2022 ఏప్రిల్ నుంచి 18, 19 ఏళ్లవాళ్ల మీద మామూలు కోర్టులో అభియోగం దాఖలైతే పేరు వేయొచ్చు. ఇంగ్లీషు ఎడిషన్‌లో పేరుండి, జపనీస్‌లో లేకపోతే పాఠకుడు పక్క ట్యాబ్‌లో చూసేస్తాడు. రెండు డెస్కులూ ఒకే నిర్ణయం తీసుకోవాలి.

లెక్కలమ్మ:
కామెంట్ల మీద నా మాట: మొదటి ఆరు నెలలు తెరవొద్దు. చూసే మనుషుల జీతం దానికి ఉండదు. యాహూ న్యూస్ అంతటి సంస్థే 2021 అక్టోబర్‌లో నియమాలు మీరిన కామెంట్లు హద్దు దాటితే ఆ పెట్టెను తనంతట మూసే పద్ధతి పెట్టింది. 2022 నవంబర్ నుంచి ఫోన్ నంబర్ నమోదు తప్పనిసరి చేసింది. పేరు బయటికి కనబడదు, వెనకాల మనిషి ఉన్నాడని సంస్థకు తెలుసు. ఓమైన్యూస్ 2006లో దొరక్క తడబడిన మధ్యదారి ఇదే.

సర్వర్ సీత:
ఇక సాంకేతికం. ముందుగా పేజీకి భాష గుర్తు. 'లాంగ్' యాట్రిబ్యూట్‌లో జేఏ అని పెట్టకపోతే కొన్ని ఫోన్లు కంజీకి చైనా ఫాంట్ తగిలిస్తాయి. యూనికోడ్‌లో చైనా, జపాన్ అక్షరాలకు ఒకే సంకేతం ఉంటుంది, రూపం మాత్రం వేరు. 'ఎముక' అనే కంజీని పెద్దది చేసి చూడండి: పైభాగంలో లోపలి చిన్న మడత జపాన్ రూపంలో కుడివైపు, చైనా రూపంలో ఎడమవైపు. పాఠకుడికి కారణం తెలియకపోయినా 'ఇది మన సైట్ కాదు' అనిపిస్తుంది. ఇంగ్లీషు టెంప్లేట్‌ను కాపీ చేసినప్పుడు ఈఎన్ అనే గుర్తు అలాగే ఉండిపోవడం అన్నిచోట్లా జరిగే పొరపాటు.

ఫాంట్ బరువు. జపనీస్ ఫాంట్ ఒక్కో వెయిట్ (అక్షరాల మందం) కొన్ని ఎంబీలు ఉంటుంది. మొత్తంగా పంపితే పేజీ తెరుచుకోదు. యూనికోడ్ రేంజ్ ప్రకారం వందకు పైగా ముక్కలు చేసి, పేజీలో వాడిన ముక్కల్నే దింపే పద్ధతి వాడండి. లేదా ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తోనే సరిపెట్టండి, వార్తా సైట్‌కు అదే మేలు. ఇటాలిక్ తీసేయండి. కంజీని వాలిస్తే చదవలేరు. ఒత్తి చెప్పాలంటే జపాన్‌లో కొటేషన్ గుర్తులుగా వాడే కొక్కేలు, లేదా అక్షరాల మీద చుక్కలు.

వాక్యం విరగడం. పూర్ణవిరామం, మూసే కొక్కెం, చిన్నగా రాసే కానా (ఉచ్చారణ అక్షరం), దీర్ఘం గీత వరుస మొదట్లో రాకూడదు. సీఎస్‌ఎస్‌లో లైన్ బ్రేక్‌ను స్ట్రిక్ట్‌లో పెడితే బ్రౌజర్ చూసుకుంటుంది. శీర్షికల్లో మాట మధ్యలో విరగకుండా కొత్త క్రోమ్‌లో ఆటో ఫ్రేజ్ ఉంది.

అన్నిటికంటే ముఖ్యం వెతుకులాట. జపనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు. 'టోక్యో నగర పాలన' అనే అర్థంలో 'తోక్యోతో' అని మూడు కంజీలు రాస్తారు. అందులో చివరి రెండు కంజీలు కలిస్తే 'క్యోటో'. అక్షరాలను ముక్కలుగా వెతికే సర్చ్ పెడితే, క్యోటో వార్తలు అడిగినవాడికి టోక్యో పాలన వార్తలన్నీ కుప్పగా పడతాయి. కురోమోజీ లాంటి పదవిభజన యంత్రం తగిలించాలి, ఆ వారం వార్తల్లోకి వచ్చిన కొత్త పేర్లను దాని నిఘంటువులో కలుపుతూ ఉండాలి. పూర్తి వెడల్పు, సగం వెడల్పు అంకెలను ఎన్‌ఎఫ్‌కేసీతో (అక్షర రూపాలను ఒకటి చేసే యూనికోడ్ పద్ధతి) ఒక్కటి చేశాకే సూచిక కట్టాలి.

లింకుల్లో జపనీస్ పెట్టొద్దు. ఒక్కో అక్షరం మూడు బైట్లు, లింకులో తొమ్మిది గుర్తులవుతుంది. తెలుగు లింకులకూ ఇదే గతి, వాట్సాప్‌లో పంపితే చూస్తారుగా. కథనం సంఖ్య చాలు.

మండల విలేకరి:
సీత గారూ, పాఠకుడు ఇండియాలోనో అమెరికాలోనో ఉంటే ఐపీ చూసి ఇంగ్లీషు ఎడిషన్‌కు తోసేయడం?

సర్వర్ సీత:
అసలు వద్దండి. విదేశాల్లో ఉన్న జపనీయులే ఇలాంటి ఎడిషన్‌కు నమ్మకమైన పాఠకులు. పైన ఒక చిన్న పట్టీ చూపించండి, నిర్ణయం వాళ్లది. రెండు ఎడిషన్లలో ఒకే కథనం ఉంటే హెచ్‌రెఫ్‌లాంగ్ అనే ట్యాగ్‌తో రెండు వైపులా జత కలపండి. ఒకవైపే కలిపితే సర్చ్ ఇంజన్ పట్టించుకోదు.

భూకంప గడియారం:
ఎవరూ ఎత్తని సంగతి. జపాన్‌లో వార్తా సైట్ పెట్టారంటే భూకంపం వస్తే ఎవరు లేస్తారన్నది రాసి ఉండాలి. రెండు కొలతలున్నాయి. మాగ్నిట్యూడ్ భూకంపం మొత్తానిది, ఒక్కటే అంకె. షిందో అంటే ఆ ఊళ్లో ఎంత ఊగిందన్నది, 0 నుంచి 7 దాకా. 5, 6 లలో 'తక్కువ', 'ఎక్కువ' అని రెండేసి ఉంటాయి కాబట్టి మొత్తం పది మెట్లు. ఇంగ్లీషు డెస్క్ 'తీవ్రత 6' అని రాస్తే ఏ 6 అన్నది తెలియదు. జపాన్ పాఠకుడికి ముందు కావలసింది తన ఊరి షిందో.

సునామీ హెచ్చరికలు మూడు రకాలు: మీటరు దాకా అయితే సూచన, 3 మీటర్ల దాకా హెచ్చరిక, అంతకు మించితే మహా హెచ్చరిక. మూడింటికీ ఒకే ఇంగ్లీషు మాట వాడి, దాన్నే వెనక్కి అనువదిస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో ఏం జరిగిందో చూడండి. సాయంత్రం 4:10కి 7.6 భూకంపం, షిందో 7. 4:22కి మహా సునామీ హెచ్చరిక. అది కొత్త సంవత్సరం సెలవు, ఆఫీసులు ఖాళీగా ఉండే రోజు. లండన్‌లో అప్పుడు ఉదయం 7, న్యూయార్క్‌లో రాత్రి 2. ఇంట్లో నుంచి పనిచేసే ఒక్క మనిషికైనా ప్రచురించే తాళం ఉండాలి. ఆ గంటల్లో సొంత వాక్యాలు అల్లొద్దు. వాతావరణ సంస్థ మాటనే, ఏ నిమిషానిదో రాసి వేయండి. ఆ రోజు ఎక్స్‌లో 'శిథిలాల కింద ఉన్నాం' అని అబద్ధపు విన్నపాలు కూడా తిరిగాయి. చిరునామా సరిచూడకుండా ఏదీ ఎత్తి వేయకూడదు.

కాపీడెస్క్:
అందరికీ ధన్యవాదాలు. పూర్తి అనువాదంతోనే బీబీసీ జపనీస్ నడుస్తోంది కదా, మరి అది?

షింబున్ శాస్త్రి:
బీబీసీకి జపాన్‌లో పాత పేరుంది, 1943 నుంచి 1991 దాకా జపనీస్ రేడియో నడిపింది. 2015 అక్టోబర్‌లో తెరిచిన సైట్ వాణిజ్య విభాగానిది, కథనాల్లో ఎక్కువ భాగం అనువాదాలు. 2017 అక్టోబర్ 2న మొదలైన బీబీసీ తెలుగు వరల్డ్ సర్వీస్‌ది, అది మొదటి నుంచీ ఇక్కడి విలేకరులతో ఇక్కడి వార్తలు చేసింది. అనువాదంతో నడవాలంటే ఆ పేరు ముందే ఉండాలి. కొత్త సైట్ రోజుకు 15కు బదులు 8 అనువాదాలు, 2 సొంత కథనాలు పెట్టుకుంటే మేలు. ఏడుగురు అనువాదకులు నలుగురవుతారు, మిగిలిన జీతంతో ఇద్దరు విలేకరులు వస్తారు.

నాలుగు నిలువు గీతలు:
ఒప్పందంలో ఇంకో వాక్యం చేర్చండి: ఎడిషన్ మూసినా పాత కథనాలు ఎవరి దగ్గర, ఎన్నేళ్లు ఉంటాయన్నది. టెక్‌క్రంచ్ జపాన్, ఎన్‌గాడ్జెట్ జపనీస్ రెండూ 2022 మార్చి చివర్లో అప్‌డేట్లు ఆపి, మే 1న మూతపడ్డాయి. ఏళ్ల తరబడి జపాన్ స్టార్టప్‌ల గురించి రాసినవి ఆ చిరునామాల్లో తెరుచుకోవడం మానేశాయి.

కాపీడెస్క్:
చివరి ప్రశ్న. సవరణ వేసినప్పుడు యాహూలో ఉన్న కాపీ తనంతట మారుతుందా?

సర్వర్ సీత:
మారదు. అదే కథనం సంఖ్యతో సవరించిన ప్రతిని ఫీడ్‌లో మళ్లీ పంపాలి. కొత్త సంఖ్యతో పంపితే తప్పున్న పాతది అక్కడే ఉండి, పక్కన ఇంకోటి చేరుతుంది. పంపిన ఐదు నిమిషాలకు పోర్టల్ పేజీ తెరిచి కళ్లతో చూసుకోండి. సవరణ గమనికలో సమయం జపాన్ గడియారంలో ఉండాలి. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే 9 గంటలు, మన సమయంలో ఉంటే మూడున్నర గంటలు కలపండి. అది కలపక, సవరణ కథనం కంటే ముందే వేసినట్టు కనబడుతుంటుంది.